జవాబు వస్తేనే భరోసా

బూరుగుపల్లె
జనవరి

దేవేందర్‌కు,

ఇది నీ మీద ప్రేమ పొంగి రాస్తున్న ఉత్తరం కాదు. పంచాయతీ పని. మొదటే చెప్పేస్తే ఇద్దరికీ తేలిక.

మీ అవ్వ ఫోన్లో చెప్పే ఉంటుంది. మన ఊళ్లో ఆడమనిషి ఒక్కతే నడిపే ప్రతి ఇంటికి పోయిన దసరా నుంచి పంచాయతీ నెలనెలా ఇంత అని డబ్బు ఇస్తోంది. సోమవారం అంగడి తైబజారు వేలంలో వచ్చిన సొమ్ములోంచి. సర్పంచి అంజవ్వ పెట్టిన పద్ధతి. నెల భరోసా అని పేరు. దేనికి ఖర్చు పెట్టావని ఎవరూ అడగరు. సంతకం చేసి తీసుకోవడమే.

అందరూ బాగుందన్నాక మండలం నుంచి ఒక సారు వచ్చాడు. "ఉత్తగ ఇచ్చుడు రూల్స్‌ల లేదమ్మా, ఏదన్న పని చేపిచ్చి ఇయ్యుండ్రి" అన్నాడు. ఏం పని చేయించాలి? మోరీలు తీయడానికి, మొక్కలు నాటడానికి వేరే పథకాలున్నాయి. అంజవ్వ రెండు రోజులు ఆలోచించింది. "మనూరి మొగోళ్లు గింతమంది గల్ఫుల ఉన్నరు. ఊరి ముచ్చట్లు వాళ్లకు రాసి పంపుడు పని కాదా?" అంది. తీర్మానం అయిపోయింది. డబ్బు తీసుకునే ప్రతి ఇంటివాళ్లు ఒక నెల ఉత్తరం రాయాలి. మరుసటి నెల జవాబు రావాలి. ఆ కవరు తెచ్చి కార్యదర్శికి చూపించాలి. లోపల ఏముందో ఆయన చదవడు. పైన ఆ దేశం ముద్ర చూస్తాడు, కాగితం పేజీ నిండా ఉందా లేదా అని దూరం నుంచి చూస్తాడు.

నేను వేరే ఎవరికైనా రాస్తానన్నాను. "మీ ఇంట్లనే ఉన్నడు గదనే మరిది" అని అంజవ్వ నవ్వింది. అందుకని నీకు.

నర్సింగ్ పోయి నాలుగేళ్లు. సొంత అన్న పోతే నువ్వు రాలేదు. పైసలు పంపావు. నేను తిప్పి పంపాను. ఆ మాట ఎత్తడానికి ఇది మొదలుపెట్టలేదు, కానీ పేజీలో ఇంకా ఇంత జాగా మిగిలింది.

ఊరి ముచ్చట్లు కూడా రాయాలి కదా. మన గల్లీకి సిమెంటు రోడ్డు పడింది. పడ్డ వారానికే పైపు కోసం తవ్వారు. మణి ఏడో తరగతి. లెక్కల్లో మందం, మాటల్లో చురుకు. మీ అవ్వకు చెవులు ఇంకా తగ్గాయి. నువ్వు ఫోన్లో ఏం చెప్పినా "తిన్న బిడ్డా, తిన్న" అంటుంది.

నువ్వు జవాబు రాస్తేనే నాకు వచ్చే నెల డబ్బు. రాయకపోతే ఎందుకు రాయలేదని అడగను.

మల్లిక

*

సల్మాబాద్, బహ్రెయిన్
ఫిబ్రవరి

మల్లిక వదినె గారికి,

మీ ఉత్తరం అందింది. మా కంపెనీ పోస్టు డబ్బాకు వచ్చింది. టైంకీపర్ హమీద్ భాయ్ దాన్ని చేత్తో పట్టుకుని క్యాంపుకు తెచ్చేసరికి రూములో అందరూ లేచి కూర్చున్నారు. ఇక్కడ ఎవరికీ ఉత్తరాలు రావు. కాగితం వచ్చిందంటే ఏదో కేసు అనుకుంటారు. "క్యా హువా దేవేందర్ భాయ్" అని ఒకటే అడగడం. మా వదినె రాసిందని చెప్తే నమ్మలేదు.

నేను బాగున్నాను. మీరందరూ బాగున్నారని తలుస్తాను.

పేజీ నిండాలన్నారు కాబట్టి ఇక్కడి సంగతులు రాస్తున్నాను. రూములో ఆరు మంచాలు. నాది కిటికీ పక్కన. కిటికీ తెరిస్తే గ్యారేజీ, మూస్తే ఉక్క. డ్యూటీ పొద్దున మొదలవుతుంది. మా షాపులో ఇనుప గేట్లు, గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేస్తాం. ఇప్పుడు నేను పైన ఎక్కే పని చేయడం లేదు. కిందనే కూర్చుని అతికే పని. సాయంత్రం కంపెనీ బస్సు. వంట వంతులవారీగా చేసుకుంటాం. నా వంతు నాడు పచ్చిపులుసు చేస్తే పంజాబీ భాయ్ దాన్ని షర్బతు అనుకుని గ్లాసులో పోసుకుని తాగాడు.

ఇంతవరకు రాసి చూస్తే సగమే అయింది. అక్షరాలు కొంచెం పెద్దవి చేస్తున్నాను.

పోస్టాఫీసులో ముద్ర గట్టిగా, కనబడేట్టు కొట్టమని అడిగాను. ఆ గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూశాడు. అయినా రెండుసార్లు కొట్టాడు. మీ కార్యదర్శికి సరిపోతుందనుకుంటాను.

మణికి లెక్కలు రాకపోతే మా పోలిక. నర్సింగన్నకూ రాకపోయేవి.

ప్రతిసారీ రాస్తాను. మీ డబ్బు నా వల్ల ఆగదు.

దేవేందర్

*

బూరుగుపల్లె
మార్చి

మరిది దేవేందర్‌కు,

మీరు, గారు అనడం ఎప్పుడు నేర్చుకున్నావు? నా పెళ్లినాడు పందిరి గుంజ మీద కూర్చుని "ఓ వదినె, నీ చెప్పులు నా కాడ ఉన్నయ్" అని అరిచినవాడివి. నువ్వు అనే రాయి. గారు కలిపితే పేజీ త్వరగా నిండుతుందని కలిపావేమో, వద్దు.

ముద్ర దివ్యంగా పడింది. కార్యదర్శి మెచ్చుకున్నాడు. మిగతా ఆడవాళ్ల కవర్లు చూడాలి. మస్కట్ నుంచి ఒకాయన పేజీ మొత్తం "నేను బాగున్నాను, నువ్వు బాగున్నావా" అనే మాటే పైనుంచి కింది దాకా రాసి పంపాడు. ఆయన పెళ్లాం అది చూసి నవ్విందో ఏడ్చిందో మాకు తెలియలేదు. కార్యదర్శి మాత్రం టిక్కు పెట్టాడు.

ఈసారి పేజీ నింపడానికి నా దగ్గర ఒక ముచ్చట ఉంది. నీకు తెలియదు, మీ అవ్వకు కూడా ముందు చెప్పలేదు. పోయిన వానాకాలం నేను గల్ఫు ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చాను. ఇంటిపని వీసా మీద పోదామని. బీడీలు చుట్టడం నాతో కావడం లేదు. ఆ పొగాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంది, చాట ఒళ్లో పెట్టుకోగానే మొదలవుతుంది. డాక్టరు మానేయమన్నాడు. మానేస్తే ఏం తినాలో చెప్పలేదు. మణిని అత్త దగ్గర వదిలి పోదామనుకున్నాను. అంతలో ఈ భరోసా వచ్చింది. రెండో నెల డబ్బు తీసుకున్న రోజే ఏజెంటు ఇంటికి పోయి పాస్‌పోర్టు అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు బియ్యం డబ్బాలో ఉంది. బీడీలు మానేసి జాకెట్లు కుడుతున్నాను. దగ్గు తగ్గింది. పొద్దున లేవగానే మణి నా పక్కన పడుకుని ఉంటే, నేను ఇక్కడే ఉన్నానని సంతోషంగా ఉంటుంది.

ఇంకా నాలుగు వరుసలు మిగిలాయి. పైన ఎక్కే పని చేయడం లేదన్నావు, ఎందుకు? నీకు ఎక్కడం అంటే ఇష్టం కదా. చెప్పకపోయినా పర్వాలేదు, జాగా నింపడానికి అడిగాను.

మల్లిక

*

సల్మాబాద్
ఏప్రిల్

వదినెకు,

నువ్వు జాగా నింపడానికి అడిగావు. నేను నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. అవ్వకు మాత్రం చదివి వినిపించకు.

నర్సింగన్న పోయిన రోజు నేను సల్మానియాలో, పెద్దాసుపత్రిలో ఉన్నాను. అంతకు ముందు వారం ఒక గోడౌను పైకప్పు పని మీదికి ఎక్కాను. కాలు జారింది. ఎవరి తప్పూ లేదు, మంచుకు ఇనుము తడిగా ఉంది. తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు. ఇంటికి చెప్పలేదు. బాగయ్యాక చెబుదామనుకున్నాను.

అవ్వ ఫోన్ చేసింది. మంచం మీద పడుకునే ఎత్తాను. "అన్న పోయిండురా, జెల్దిన రా" అంది. కాలు విరిగింది అంటే ఆ రోజే ఇంకో కొడుకు గురించి కూడా ఏడవాలి ఆమె. "సెలవు ఇస్తలేరవ్వా" అన్నాను. ఆ మాట ఒకసారి అన్నాక దాన్నే పట్టుకుని ఉండాల్సి వచ్చింది.

వార్డు తుడుస్తున్న ఒకాయన నా మాట విని చీపురు పక్కన పెట్టాడు. తెలుగాయన అని అప్పుడే తెలిసింది. పేరు సమూయేలు, నర్సాపురం వైపు. "అబద్ధమాడేసి మళ్లీ ఏడుత్తున్నావేంటి తమ్ముడూ" అన్నాడు. చెప్పాను. "మీ అన్నయ్య పేరేంటి" అని అడిగాడు. నర్సింగ్ అన్నాను. మంచం పక్కన నిలబడి కళ్లు మూసుకుని అన్న పేరు చెప్పి ప్రార్థన చేశాడు. మన దేవుడు కాడు, మన పద్ధతి కాదు. కానీ అన్న కోసం నేనున్న చోట జరిగింది అదొక్కటే. అప్పటి నుంచి ఆయన నాకు అన్నలాగే. శుక్రవారం వాళ్ల తెలుగు సంఘం ప్రార్థన కూడిక అయ్యాక నాకు డబ్బాలో కూర తెస్తాడు.

పైసలు పంపింది రావడానికి బదులు కాదు వదినె. మంచం మీద నుంచి చేయగలిగింది అంతే. నువ్వు తిప్పి పంపినప్పుడు కోపం వచ్చింది. తర్వాత, నీ చోట నేనున్నా అదే చేసేవాణ్ని అనిపించింది.

కాలు ఇప్పుడు బాగుంది. చలికి కొంచెం పట్టేస్తుంది, కానీ ఇక్కడ చలి ఎన్నాళ్లని. పాస్‌పోర్టు తెచ్చుకున్నావు, మంచి పని చేశావు. అది బియ్యం డబ్బాలోనే ఉండనీ.

దేవేందర్

*

బూరుగుపల్లె
మే

దేవేందర్,

నీ ఉత్తరం మొదటిసారి నిలబడి చదివాను. రెండోసారి కూర్చుని చదివాను. కార్యదర్శికి కవరు చూపించడానికి పోయినప్పుడు కాగితం ఇంట్లోనే పెట్టి ఖాళీ కవరు తీసుకుపోయాను. పేజీ నిండిందా అని అడిగాడు. నిండింది అన్నాను. నా మొహం చూసి టిక్కు పెట్టాడు.

నాకు చాలా బాధగా ఉంది. ఇన్నేళ్లు నిన్ను తిట్టుకున్నాను. పదిమందిలో కూడా తిట్టాను. అన్న శవం కంటే ఓవర్‌టైం ఎక్కువైంది వాడికి అన్నాను. ఆ మాట నిన్ను చేరిందో లేదో తెలియదు. చేరి ఉంటే మరిచిపో. అత్తకు చెప్పను. కానీ ఒకరోజు నువ్వే చెప్పాలి. కొడుకు రాలేదన్న బాధ కంటే కాలు విరిగిందన్న బాధ ఆమెకు తేలిక.

ఇంత రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ ఇంకో సంగతి ఉంది.

పైనుంచి ఉత్తరువు వచ్చింది. పంచాయతీలు తమ ఆదాయంలోంచి ఏ ఇంటికీ నెలనెలా డబ్బు ఇవ్వకూడదట. పని పేరు పెట్టినా, ఇంకే పేరు పెట్టినా కుదరదట. రాష్ట్రం మొత్తానికి ఒకటే మాట. మన ఊరిని చూసి ఇంకో రెండు మూడు ఊళ్లు మొదలుపెడదామని అనుకున్నాయి, అందుకే వచ్చిందంటున్నారు. మొన్న జిల్లా నుంచి ఒక అధికారి వచ్చి గ్రామసభలో చదివాడు. చెడ్డవాడిలా లేడు. చదువుతూ మా వైపు చూడలేదు.

అంజవ్వ లేచి, "మా అంగడి పైసలు మేం మావోళ్లకు ఇచ్చుకుంటే మీకేం నొప్పి సారూ" అంది.

"మీకు అంగడి ఉన్నదమ్మా. పక్క ఊరికి లేదు. ఆడ మల్లిక అసొంటి ఆడిమనిషి లేదా? ఆమె ఏం పాపం జేసింది?" అన్నాడు. సంతకాల పుస్తకంలో మొదటి పేరు నాదే, అందుకని నన్ను అన్నాడు. ఆ మాట నాకు నిజంగానే తగిలింది. పక్క ఊళ్లో నాలాంటిది ఉంది. నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

"గట్లయితే ఆమెకు మీరియ్యుండ్రి, అందరికి మీరే ఇయ్యుండ్రి. మేం రేపే బంద్ జేస్తం" అంది అంజవ్వ.

చాయ్ తాగమంటే తాగాడు. ఉత్తరాల సంగతి అడిగితే, "ఉత్తరం రాసుడు ప్రజాపని కిందికి రాదమ్మా" అన్నాడు. "రాస్తున్నది ప్రజలే గద సారూ" అంది అంజవ్వ. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఫైలు మూశాడు. ఇంకా ఇస్తే అంజవ్వను పదవిలోంచి తీసేస్తారని పోయేముందు మెల్లగా చెప్పాడట.

వచ్చే నెల నుంచి లేదు.

మల్లిక

*

సల్మాబాద్
జూన్

వదినెకు,

దీనికి ఇంత బెంగ ఎందుకు. ఆ డబ్బు నేను పంపుతాను. పంచాయతీ ఎంత ఇచ్చిందో అంతే, అదే తారీఖుకు. అవ్వ పేరు మీద కాదు, నీ పేరు మీదే. నాకు పెళ్లీ పెటాకులూ లేవు, ఖర్చు లేదు. నర్సింగన్న నన్ను పదో తరగతి దాకా చదివించాడు. మణికి నేను చేస్తే తప్పేముంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంకా కోపమా?

పాస్‌పోర్టు బియ్యం డబ్బాలోంచి తీయకు. ఆ ఒక్క మాట విను.

ఈ ఉత్తరం పేజీ నిండలేదు. ఇక నిండక్కర్లేదు కదా.

దేవేందర్

*

బూరుగుపల్లె
జూన్ చివర

దేవేందర్,

కోపం లేదు. ఫోన్లో నీ గొంతు వింటే సరే అంటాను. అందుకే ఎత్తలేదు.

నువ్వు మంచి మనసుతో పంపుతానన్నావు, నాకు తెలుసు. అయినా తీసుకోను. ఎందుకో చెప్పడం కష్టం, ప్రయత్నిస్తాను.

నీ దగ్గర తీసుకుంటే నువ్వు ఏమీ అనవు. నేనే అంటాను. చీర కొనుక్కుంటే మరిది పైసలు కదా అనుకుంటాను. మణిని ఏ బడిలో వేయాలో నువ్వు చెప్పకపోయినా నీకేది ఇష్టమో ముందు ఆలోచిస్తాను. రేపు నీకు పెళ్లి కావాలి. వచ్చే పిల్ల ఏమనుకుంటుందో అని ఇప్పటి నుంచే భయపడతాను. మా అమ్మగారింటి నుంచి తెచ్చుకున్నా, మహిళా సంఘంలో అప్పు తీసుకున్నా, ఇంతే. ఇచ్చినవాళ్ల మొహం ఒకటి ఎప్పుడూ ఎదురుగా ఉంటుంది.

పంచాయతీ భరోసాకు ఆ మొహం లేదు. కార్యదర్శి కూడా సంతకం పెట్టే చోటు చూపించేవాడే కానీ నన్ను చూసేవాడు కాదు. వీధిలో నాలాంటివాళ్లందరూ తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. ఆ నెలల్లో నేను నడిచిన నడకే వేరు. నువ్వు చూడలేదు, మీ అవ్వ చూసింది. "దీనికేందో కొమ్ములొచ్చినయ్" అంది. నాకు ఆ మాట ఎంత నచ్చిందో.

జాకెట్లు కుడుతున్నాను. పెళ్లిళ్ల కాలం అయిపోయింది, ఇక బతుకమ్మ దాకా ఎవరూ రారు. మళ్లీ బీడీలంటే ఆ దగ్గు. ఏజెంటు మొన్న ఎదురై "ఇంకా ఆలోచిస్తున్నవా చెల్లె" అన్నాడు. నిన్న పోయి పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాను. అక్కడ ఇంటిపని చేస్తే అది నా కష్టం, నా జీతం. మణికి చెప్పాను. రెండేళ్లే అన్నాను. ఏడవలేదు. నా చీర కొంగు పట్టుకుని పడుకుంది, పొద్దున దాకా వదల్లేదు.

అంజవ్వ వచ్చి నా ముందే కళ్లు తుడుచుకుంది. "ఎవ్వలు పోవద్దని గీ పని షురూ జేస్తి" అంది. ఆమెను నేనే ఓదార్చాను.

నీకు కోపం వస్తుంది. రానీ.

మల్లిక

*

సల్మాబాద్
జూలై

వదినెకు,

కోపం రాలేదు, భయం వేసింది.

నువ్వు రాసిన మొహం సంగతి నాకు అర్థమైంది. నేను రోజూ చూసే మొహాలు అవే. కానీ ఇక్కడికి వస్తే ఆ మొహాలు ఇంట్లోనే ఉంటాయి వదినె. మాకు డ్యూటీ అయ్యాక క్యాంపు ఉంది, శుక్రవారం సెలవు ఉంది, తిట్టుకోవడానికి పక్క మంచంవాడు ఉన్నాడు. ఇంటిపని వాళ్లకు పని చేసే చోటే పడుకునే చోటు. బాగా చూసుకునేవాళ్లు చాలామంది ఉంటారు, అబద్ధం చెప్పను. కానీ ఎవరింట్లో పడతావో వచ్చేదాకా తెలియదు. సమూయేలన్నను అడిగాను, ఎలా ఆపాలి అని. "ఆపలేవు తమ్ముడూ, ఆవిడ చెప్పింది నిజవేగా. ఆవిడెళ్లే చోటు కనుక్కో ముందు" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను. ఏ దేశం? కాగితం మీద ఏం రాసి ఉందో అక్షరం అక్షరం చూసి నాకు రాయి. ఏజెంటు నోటి మాట నమ్మకు. ఎక్కడైనా మనవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, చెప్పి ఉంచుతాను.

వద్దు అనే హక్కు నాకు లేదు. వద్దు అని బతిమాలుతున్నాను.

దేవేందర్

*

బూరుగుపల్లె
ఆగస్టు

కాకకు,

నేను మణిని. నీ ఉత్తరం వచ్చేసరికి అమ్మ వెళ్లిపోయింది. అమ్మ పేరు మీద ఉన్నా నేనే విప్పి చదివాను. తప్పయితే తిట్టకు.

ఏ దేశం అని అడిగావు కదా. కాగితాలు అమ్మ వెంట తీసుకుపోయింది. బాపమ్మను అడిగితే దుబాయి అంది. "మీ కాక ఉన్న దుబాయికే పోయిందే. ఇద్దరొక్క కాడనే ఉంటరు, వాడు జూసుకుంటడు" అని ఇంటికి వచ్చిన అందరికీ చెబుతోంది. చెప్పినప్పుడల్లా ధైర్యంగా అవుతోంది.

అమ్మ ఒక్కసారే ఏజెంటు ఫోనుకు చేసింది. ఆయన ఆ మాటలు రికార్డు చేసి మా ఇంటికి తెచ్చి వినిపించాడు. చేరాను, బాగున్నాను, తింటున్నాను అంది. ఇంకేం మాట్లాడలేదు. వెనక ఎవరో పిల్ల ఏడుస్తోంది. అమ్మ ఆ పిల్లను ఊరుకో ఊరుకో అంది, తెలుగులోనే.

కాకా, అమ్మ నీ దగ్గర ఉందా? ఉంటే నా లెక్కల మార్కులు చెప్పకు.

మణి

*

సల్మాబాద్
ఆగస్టు చివర

మణి బిడ్డకు,

నువ్వు పెద్దదానివి అయ్యావు, నీకు నిజమే చెబుతాను. అమ్మ నా దగ్గర లేదు.

మనవాళ్లు సముద్రం అవతల ఉన్న దేశాలన్నింటినీ దుబాయే అంటారు. దుబాయి ఒక ఊరు. కువైట్ వేరు, మస్కట్ వేరు, నేనుండే బహ్రెయిన్ వేరు. నేను ఒక్కరోజు కూడా దుబాయి చూడలేదు, అయినా మన ఊళ్లో నన్ను దుబాయి దేవేందర్ అంటారు. బాపమ్మకు అన్నీ ఒకటే. ఆమెకు చెప్పకు. ఆ ధైర్యం అలాగే ఉండనీ.

ఏజెంటుకు ఫోన్ చేశాను. మూడుసార్లు కట్ చేసి నాలుగోసారి కువైట్ అన్నాడు. సమూయేలన్న వాళ్ల సంఘం మనుషులు కువైట్‌లో చాలామంది ఉన్నారు. అమ్మ పేరు, ఊరు పేరు, ఫోటో పంపాను. శుక్రవారం అక్కడి కూడికలో అందరినీ అడుగుతారు. దొరుకుతుంది.

లెక్కలు చెయ్యి. రానివి కాగితం మీద రాసి పంపు. నాకూ రావు, ఇద్దరం కలిసి చేద్దాం.

కాక

*

ఈసా టౌన్, బహ్రెయిన్
సెప్టెంబరు

దేవేందర్,

పైన రాసిన ఊరి పేరు చూసి కంగారు పడకు. మొత్తం చదువు.

ఏజెంటు కువైట్ అనే చెప్పాడు. హైదరాబాదులో విమానం ఎక్కే చోట కాగితాలు చేతికి ఇచ్చాడు. కూడబలుక్కుని చదివితే బహ్రెయిన్ అని ఉంది. కవరు మీద ప్రతిసారీ రాసిన పేరు కదా, గుర్తుపట్టాను. ఇదేంటని అడిగాను. "కువైటుది కాలేదు చెల్లె, ఏదైతేంది, అన్నీ దుబాయే గద" అన్నాడు. వెనక్కి తిరిగి రావడానికి ధైర్యం లేదు. ముందుకు పోవడానికీ లేదు. జనం కదిలితే కదిలాను. బయలుదేరేటప్పుడు అత్త అన్నదే నిజమైంది చూశావా. నువ్వున్న దుబాయికే వచ్చాను.

నీ సాయం తీసుకోనని అంత పొడుగు ఉత్తరం రాసిన నేనే, దిగిన రోజు నుంచి నువ్వు ఎక్కడున్నావో వెతుకుతున్నాను. నవ్వుకుంటే నవ్వుకో.

ఈ ఇంట్లో మేడం, సారు, ముగ్గురు పిల్లలు. మంచం పట్టిన ఒక ముసలమ్మ. ఆమె నన్ను చేయి పట్టుకుని ఏదో చెబుతుంది, నేను సరే సరే అంటాను. పని ఎక్కువే, చేయలేనిది కాదు. ఫోను మేడం దగ్గర ఉంటుంది. ఇప్పుడిప్పుడే వారానికి ఒకసారి ఇస్తోంది, అదీ ఇంటికి చేయడానికే, పక్కనే కూర్చుంటుంది. గేటు బయటికి ఒక్కదాన్నే పంపరు. మేడం చెడ్డది కాదు దేవేందర్. అరవదు, వేళకు తిండి పెడుతుంది. మొన్న జీతం చేతికి ఇచ్చి నా మొహం వైపు చూస్తూ నిలబడింది. ఏం చేయాలో తెలియక నవ్వాను. ఆమె సంతోషంగా లోపలికి పోయింది. ఆ నవ్వు నాకు ఇదివరకు లేదు.

పక్కింట్లో వంట చేసే రోజీ అని ఒకామె ఉంది. రాజోలు మనిషి. గోడ మీద నుంచి మాట్లాడుతుంది. "సల్మాబాద్ ఎంత దూరమమ్మా" అంటే "ఎంతో లేదండీ, కారైతే ఇట్టే" అంది. నీకు ఇంత దగ్గరలో ఉండి ఇన్నాళ్లు తెలియకనే ఉన్నాను. శుక్రవారం ఆమె తెలుగు సంఘానికి పోతుంది. నీ సమూయేలన్న పేరు చెప్పాను. ఆ పేరుగలవాళ్లు ముగ్గురున్నారంది. ఆసుపత్రిలో తుడిచే సమూయేలు అన్నాను. ఈ ఉత్తరం ఆయన చేతికి ఇస్తానంది.

నువ్వు రెండు పనులు చేయాలి.

మణికి ఫోన్ చేసి చెప్పు, నేను నెలనెలా డబ్బు పంపుతాను. తను నాకు ఉత్తరం రాసినా రాయకపోయినా, లెక్కలు వచ్చినా రాకపోయినా, నా మీద అలిగినా ఆ డబ్బు వస్తుంది. దేనికి ఖర్చు పెట్టావని అడగను. నేను చెబుదామంటే పక్కన మేడం ఉంటుంది, నాకు మాట రాదు. నువ్వు నిదానంగా అర్థమయ్యేట్టు చెప్పు.

రెండోది. ఇంట్లో చిన్నపిల్లను బడి గేటు దాకా నేనే తీసుకుపోతాను. ఇండియా పిల్లల పెద్ద బడి ఉంది కదా, దానికి ఇవతల చిన్న బడి, నీలం గేటు. డ్రైవరు కారులో కూర్చుంటాడు, నేను దిగి పిల్లను లోపలికి పంపి వస్తాను. ఒక్క పొద్దున అక్కడికి రా. దగ్గరికి రాకు, పిలవకు. డ్రైవరు మేడంకు చెబుతాడు. రోడ్డు అవతల నిలబడు, చాలు. ఇక్కడ నేను ఎవరో ఎవరికీ తెలియదు. నన్ను ఎరిగిన మనిషి ఒకడు నన్ను చూడాలి.

నీకు డ్యూటీ ఉంటుంది. సెలవు అడుగు. ఇవ్వకపోతే బాధపడకు, ఈసారి నిన్ను తిట్టుకోను. బడి ఉన్న రోజులన్నీ నేను ఆ గేటు దగ్గరికి వస్తాను.

నీ వదినె
మల్లిక